కేంద్ర జలశక్తి మంత్రిగారికి విజయవాడ సింగ్ నగర్ నుంచి బహిరంగ లేఖ

మంత్రిగారూ, 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా ఇంట్లోకొచ్చినప్పుడు గ్యాస్ బండ వంటింట్లోంచి తేలుకుంటూ హాల్లోకొచ్చింది, మేం డాబా ఎక్కి ఇంకెంత పెరుగుతుందో చెప్పేవాళ్ల కోసం చూస్తూ కూర్చున్నాం. గండ్లు పడింది ఎక్కడో కాదు, కొండపల్లి దగ్గరే!

పక్కూరి కబురే మాకు అందలేదే, మరి నేపాల్‌లో గట్టు తెగితే బీహార్ వాళ్ల గతేంటి? 2008 ఆగస్టు 18న కుసహా దగ్గర, నేపాల్ నుంచి బీహార్‌లోకొచ్చే కోసీ నది గట్టు అలాగే తెగింది. గట్టేమో నేపాల్ గడ్డ మీద, నేపాల్‌తో 1954లో చేసుకున్న ఒప్పందం ప్రకారం దాని మరమ్మతు పూచీ మనది, మునిగింది మాత్రం రెండువైపులా.

ఈసారి నేపాల్‌తో కూర్చున్నప్పుడు వాన లెక్కలు ఆఫీసుల మధ్యే తిరగకుండా, గట్టు పక్క ఊళ్లకి వాళ్ల భాషలోనే ఫోన్‌కొచ్చేలా మాట్లాడండి. క్యూసెక్కులు మాకెందుకండీ, మోకాలి లోతా, మెడ లోతా అన్నది చెప్పించండి చాలు.