బెండకాయల డబ్బా, ఆగని దరువు

కొలోన్,
ఆదివారం రాత్రి

బాబాయ్,

నమస్కారం. నేను ఇక్కడ క్షేమం. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్‌లో, ఏకాహంలో తెల్లవారుజాము వంతు మొత్తం డోలక్ నువ్వే పట్టావని చెప్పావు. అంత కష్టపడితే పేరు మాత్రం పాడినవాళ్లకే వచ్చిందని పక్కనుంచి పిన్ని అంది. నువ్వేమీ అనలేదు. ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. అందుకే తీరిగ్గా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ వైడెన్‌గాసె అని ఒక వీధి ఉంది, అన్నీ టర్కీవాళ్ల కొట్లే. బెండకాయలకి అక్కడికే వెళ్తాను. పోయిన శనివారం తాజావి దొరక్క డబ్బాలో అమ్మేవి తెచ్చాను. డబ్బా మీద 'బామ్యా' అని ఉంది. టర్కీ భాషలో బెండకాయని అలా అంటారు. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయనకి ఈ సంగతి చెబితే, మర్నాడు ఇంటి నుంచి ఒక పాత గ్రామఫోన్ రికార్డు తెచ్చాడు. అట్ట మీద బెండకాయల డబ్బా బొమ్మ! రికార్డు పేరు 'ఎగె బామ్యాసి', అంటే ఏజియన్ సముద్రం వైపు పండే బెండకాయలు. 1972లో వచ్చింది. వేసినవాళ్లు ఈ కొలోన్ బ్యాండే, పేరు 'క్యాన్'. డబ్బా అన్నమాట.

1968లో మొదలైంది. ఇర్మిన్ ష్మిట్ కీబోర్డు, హోల్గర్ చూకై బేస్ గిటారు. ఇద్దరూ స్టాక్‌హౌజెన్ అనే మహా విద్వాంసుడి దగ్గర చదువుకున్నవాళ్లు. చూకై దగ్గర గిటారు నేర్చుకున్న కుర్రాడు మిఖాయెల్ కరోలి, గురువు కంటే పదేళ్లు చిన్న. ఇక డ్రమ్స్ యాకి లీబెట్సైట్. నీకు చెప్పాలనుకున్నది ఈయన గురించే.

ఆయన అంతకు ముందు జాజ్‌లో ఉండేవాడు, అందులోనూ తాళం కట్టుబాటు లేని రకం. అది వదిలేసి ఒకటే నడక పట్టుకున్నాడు. 1971లో వచ్చిన 'టాగో మాగో' అనే రికార్డులో 'హల్లెలువా' అనే పాట పద్దెనిమిది నిమిషాల పైనే ఉంటుంది. నేను దీపం ఆర్పేసి విన్నాను. గిటారు వస్తుంది, పోతుంది. పాడేవాడు గొణుగుతాడు, అరుస్తాడు, ఊరుకుంటాడు. కింద దరువు మాత్రం వదలదు. చెయ్యి బరువు పెంచడు, తొందరపడడు. కాసేపటికి అదే దరువులో చిన్న చిన్న తేడాలు వినపడతాయి. నాలుగో జామున రామాలయం మండపంలో నువ్వు వాయిస్తుంటే స్తంభానికి ఆనుకుని నిద్రలో కూడా వినేదాన్ని కదా, అది గుర్తొచ్చి నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ పాడినతను దామో సుజుకి, జపాన్ మనిషి. 1970లో మ్యూనిక్ వీధిలో పాడుకుంటూ ఉంటే, కాఫీ హోటల్లో కూర్చున్న చూకై, లీబెట్సైట్ చూశారు. ఈ రాత్రి మా కచేరీలో పాడతావా అని అడిగారు. రిహార్సల్ లేకుండా ఆ రాత్రే పాడాడు. అతనికి ముందు మాల్కమ్ మూనీ అనే అమెరికా శిల్పి పాడేవాడు.

మొదట నోర్వెనిష్ అనే ఊళ్లో ఒక కోటలో గది తీసుకుని గంటల తరబడి వాయించేవాళ్లు. తరవాత వైలర్స్‌విస్ట్‌లో మూతబడ్డ సినిమా హాలు తీసుకున్నారు. మిలిటరీవాళ్ల పాత పరుపులు గోడలకి కొట్టి స్టూడియో చేసుకున్నారు. ఇక్కణ్ణుంచి రైల్లో అరగంట లోపే. టేపు తిరుగుతూనే ఉండేది. తరవాత చూకై కూర్చుని బాగున్న ముక్కలు కోసి అతికించేవాడు. వాళ్ల 'స్పూన్' అనే పాట ఒక టీవీ సీరియల్‌కి టైటిల్ పాటై జర్మనీలో ఆరో స్థానం దాకా వెళ్లింది.

బాబాయ్, పెద్దాయన రికార్డు తిప్పి ఒక చోట వేలు పెట్టి చూపించాడు. పాట కట్టింది ఎవరు అన్న చోట అందరి పేర్లూ ఉన్నాయి. ఏ పాటకైనా అంతేనట. మాట రాసినవాడు, పాడినవాడు, గిటారు వాయించినవాడు, దరువు వేసినవాడు, అందరూ కట్టినవాళ్లే. డబ్బూ అలాగే పంచుకున్నారు. దరువు లేకపోతే పాటే లేదని వాళ్లు కాగితం మీద ఒప్పుకున్నారు చూడు, అందుకే నాకు వీళ్ల మీద ఇంత గౌరవం.

1973లో దామో వెళ్లిపోయాడు. మొదట్లో రెండు ట్రాకుల మెషీన్ మీదే రికార్డు చేసేవాళ్లు కాబట్టి అందరూ ఒకేసారి, ఒకళ్లనొకళ్లు వింటూ వాయించాల్సి వచ్చేది. ఎక్కువ ట్రాకుల మెషీన్ వచ్చాక ఎవరి ముక్క వాళ్లు విడిగా వాయించుకోవచ్చు. అక్కడే ఆ కూడిక సడలిందని చూకై బాధపడేవాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది. 1979కి విడిపోయారు. మళ్లీ మూనీతో కలిసి 1989లో ఒక రికార్డు తెచ్చారు. కరోలి 2001లో పోయాడు. లీబెట్సైట్ 2017 జనవరిలో, అదే ఏడు సెప్టెంబరులో చూకై. ఆ పాత సినిమా హాల్లోనే ఉంటూ అక్కడే కన్నుమూశాడు. దామో 2024లో ఈ కొలోన్‌లోనే పోయాడు. మొదటి నలుగురిలో ష్మిట్ ఒక్కడే మిగిలాడు. స్టూడియోని పరుపులతో సహా గ్రోనావ్ అనే ఊళ్లో మ్యూజియంకి తరలించారు. సెలవు దొరకగానే వెళ్లి చూస్తాను.

డబ్బా బెండకాయలతో పులుసు పెట్టాను, పిన్ని పులుసులా రాలేదు.

ఒక్క పని చేసి పెట్టు. వచ్చే ఏకాహానికి తమ్ముడిని ఫోన్‌లో రికార్డు చెయ్యమను, తెల్లవారుజాము వంతు మొత్తం, మధ్యలో ఆపకుండా. పెద్దాయన కూడా వింటానన్నాడు. ఫోన్‌ని పాడేవాళ్ల మైకు దగ్గర పెట్టొద్దు. నీ డోలక్ పక్కన, చాప మీద పెట్టమను.

ఉంటాను,
బుజ్జి