ఆరో తేదీనే తాళాలు తీసుకో

ఈస్ట్ హామ్, లండన్,
2025 నవంబరు 16, ఆదివారం

చిన్నా,

రెడింగ్‌లో నువ్వు అద్దెకి తీసుకునే ఫ్లాట్ తాళాలు డిసెంబరు 6న తీసుకోనా, 13న తీసుకోనా అని అడిగావు. ఆరో తేదీనే తీసుకో. ఎందుకో ఫోన్లో చెప్పబోతే రెండు నిమిషాలకే "సరేలే అమ్మా, చూస్తాలే" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివాక నీ ఫైల్లో పెట్టుకో, పారేయకు.

తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో నీ నెల 9న మొదలై మరుసటి నెల 8న ముగుస్తుంది. డబ్బు 15న పడుతుంది. ఆ నెలలో ఇల్లు మారితే, ఏ రోజు మారినా సరే, మొదటి రోజు నుంచే కొత్త ఇంట్లో ఉన్నట్టు లెక్క కడతారు. 6న చేరి, 8వ తేదీ దాటకుండా జర్నల్లో (వాళ్ళకి రాసే ఆన్‌లైన్ పేజీలో) చెప్పావంటే, ఉన్నది మూడు రోజులే అయినా అద్దె సాయం నెల మొత్తానికీ వస్తుంది. 13న చేరావనుకో, ఆ డబ్బు కోసం జనవరి 15 దాకా ఆగాలి. ఇందులో దొంగతనం ఏమీ లేదు, రూలే అంత. రేపు ఎప్పుడైనా తక్కువ అద్దె ఇంట్లోకి నెలాఖర్లో మారితే ఇదే రూలు తిరగబడి నెల మొత్తానికీ తక్కువే ఇస్తుంది. కాకపోతే సామాను దించేసి మళ్ళీ ఇక్కడికి వచ్చేస్తే కుదరదు, ఆ రాత్రి నుంచి నువ్వు అక్కడే పడుకోవాలి. అగ్రిమెంటు ప్రతి పేజీ ఫోటో తీసి జర్నల్లో పెట్టు. సంతకాలున్న పేజీ ఒక్కటే పెడితే మళ్ళీ అడుగుతారు.

ఇక నీ పిప్ సంగతి, అదే వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చే డబ్బు. ఇల్లు మారితే పిప్ తగ్గిపోతుందేమోనని మీ నాన్న నాలుగు రోజులుగా ఒకటే టెన్షన్. తగ్గదు. పిప్ ఒంటిది, అద్దె సాయం ఇంటిది. నీ కాళ్ళు ఈస్ట్ హామ్‌లో ఎలా ఉన్నాయో రెడింగ్‌లోనూ అలాగే ఉంటాయి కదా. జీతం పెరిగినా, అద్దె పెరిగినా పిప్‌కి పట్టదు. అడ్రసు మారిందని మాత్రం వాళ్ళకి విడిగా ఫోన్ చేసి చెప్పాలి. యూనివర్సల్ క్రెడిట్, పిప్ రెండూ ఒకే డిపార్ట్‌మెంట్ కదా, ఒకళ్ళకి చెబితే రెండో వాళ్ళకి తెలుస్తుందిలే అనుకోకు. నేను అలా అనుకునే మునిగాను.

2019లో మనం మిడ్‌ల్యాండ్స్‌లో ఇల్లు ఖాళీ చేసి బాబాయి వాళ్ళకి దగ్గరగా ఉందామని ఇక్కడికి వచ్చాం కదా. నీకప్పుడు ఇరవై ఏళ్ళు, పరీక్షల గొడవలో ఉన్నావు, ఇదంతా నీదాకా రానివ్వలేదు. మీ నాన్నకి పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది. ఒంట్లో బాగాలేక పని చేయలేనివాళ్ళకి ఇచ్చే ఈఎస్ఏ, అద్దెకి ఇచ్చే హౌసింగ్ బెనిఫిట్ వస్తుండేవి. హౌసింగ్ బెనిఫిట్ ఇచ్చేది కౌన్సిల్, అంటే ఊరి పాలక సంస్థ. ఒకే కౌన్సిల్ పరిధిలో ఇల్లు మారితే అది అలాగే సాగేది. మనం ఊరే దాటాం. కొత్త కౌన్సిల్‌ని హౌసింగ్ బెనిఫిట్ అడిగితే, మీ వయసు వాళ్ళకి కొత్తగా ఇవ్వడం లేదు, యూనివర్సల్ క్రెడిట్‌కి పెట్టుకోండి అన్నారు. పెట్టుకున్న రోజునే పాత ఈఎస్ఏ ఆగిపోయింది. కొత్తది చేతికి రావడానికి ఐదు వారాలు. ఇంట్లో పప్పు, ఊరగాయ తప్ప మరొకటి వండలేదని నువ్వు విసుక్కున్న రోజులు గుర్తున్నాయా? అవే ఆ ఐదు వారాలు.

అదైనా రూలు, మన చేతిలో లేదు. తరవాతది మాత్రం పూర్తిగా నా తప్పే. బ్యాంకుకి చెప్పాను, డాక్టరుకి చెప్పాను, గ్యాస్ వాళ్ళకి చెప్పాను, పిప్‌కి చెప్పలేదు. మీ నాన్న రివ్యూ ఫారం గోధుమ రంగు కవర్లో పాత ఇంటికి వెళ్ళింది. ఫారం వెనక్కి పంపడానికి నెల రోజులే గడువు. పక్కింటి గుజరాతీ మామ్మగారు ఎప్పుడో ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్ళ దగ్గర చూసి, కవరు మీద మన అడ్రసు తన వంకర అక్షరాలతో రాసి పంపింది. కవరు అంచు తడిసి ఉబ్బిపోయి ఉంది. అప్పటికే పిప్ ఆపేశారు. మళ్ళీ చూడమని రాసి, కాగితాలన్నీ జతచేసి, తిరిగి రప్పించుకునేసరికి పదకొండు వారాలు పట్టింది, తల ప్రాణం తోకకొచ్చింది. అందుకే రాయల్ మెయిల్‌కి డబ్బు కట్టి నీ పేరు మీద వచ్చే ఉత్తరాలు ఏడాదిపాటు రెడింగ్‌కి మళ్ళించు. ఇక్కడ నేనే ఉన్నాను కదా, తీసి చదువుతాను కదా అంటావు. నిజమే. అయినా మళ్ళించు.

ఇంకో మాట, మీ ఆఫీసు వాళ్ళు రేపు గ్లాస్గో వెళ్ళమంటే అప్పుడు నాకు ముందే చెప్పు. స్కాట్లాండ్‌లో పిప్ ఉండదు, అడల్ట్ డిజబిలిటీ పేమెంట్ అని వాళ్ళది వేరే. మారాక పిప్ 13 వారాలే ఇస్తారు. ఇంగ్లండ్‌లో ఏ ఊరు మారినా ఆ గొడవ లేదు.

నీ ఫ్రెండ్ ఎవరో, 35 ఏళ్ళు నిండని ఒంటరివాళ్ళకి షేరింగ్ గదికి ఎంతో అంతే ఇస్తారు, ఫ్లాట్ ఎందుకు తీసుకుంటున్నావ్ అన్నాడట. అతనికి అది నిజం. నీకు కాదు. పిప్‌లో డైలీ లివింగ్ భాగం (రోజువారీ పనుల్లో సాయం కావాల్సినవాళ్ళకి ఇచ్చేది) వస్తున్నవాళ్ళకి ఆ షేరింగ్ రేటు వర్తించదు, ఒక బెడ్‌రూమ్ రేటు ఇవ్వాలి. వాళ్ళ కంప్యూటరు పొరపాటున షేరింగ్ రేటు వేసిందంటే నోరు మూసుకుని తీసుకోకు, జర్నల్లో రాయి. రేటు అంటే మొత్తం అద్దె కాదు మళ్ళీ. ఆ చుట్టుపక్కల అద్దెల్ని తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి, వందలో ముప్ఫయ్యో ఇంటి దగ్గర గీత గీశారు. లోకల్ హౌసింగ్ అలవెన్స్ అంటారు. ఆ గీత కూడా 2024 ఏప్రిల్లో ఒకసారి సరిచేసి, మళ్ళీ కదపకుండా అక్కడే ఉంచారు. నీ పోస్ట్‌కోడ్ కొట్టి చూశాను. నీ 1,150 పౌండ్ల అద్దె కన్నా తక్కువే ఉంది. ఆ తేడాకి రెడింగ్ కౌన్సిల్‌ని విడిగా సాయం అడుగు, ఈ ఏడాది దాని పేరు డిస్క్రీషనరీ హౌసింగ్ పేమెంట్. ఇవ్వాలని లేదు, ఇస్తే ఇస్తారు. అడగని వాళ్ళకి మాత్రం ఇవ్వరు.

నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, కాగితం తీసుకుని లెక్క వేసుకో. ఇప్పుడు మా దగ్గర అద్దె లేకుండా ఉన్నావు కాబట్టి, ఈ ఏడాది రేట్ల ప్రకారం నీ జీతంలో నెలకి 684 పౌండ్ల దాకా వాళ్ళు ముట్టుకోరు. ఆ పైన ప్రతి పౌండుకీ 55 పెన్నీలు కోస్తారు. అద్దె సాయం మొదలైన నెల నుంచి ఆ 684 కాస్తా 411 అవుతుంది. అంటే 273 పౌండ్లు ఎక్కువగా కోతలోకి వెళతాయి, నీకు నెలకి 150 తగ్గినట్టు. అద్దె సాయం ఎంతో చూసుకుని మిగతాదంతా ఇప్పటిలాగే ఉంటుందనుకుంటే మొదటి నెలే గుండె గుభేలుమంటుంది. నేను మూడుసార్లు లెక్క వేశాను. నువ్వు బతకగలవు. బయట కాఫీలు తగ్గించు.

ఆ ఏజెంటు డిపాజిట్ నెలన్నర అద్దె అడిగాడన్నావు. 2019 చట్టం ప్రకారం ఐదు వారాల అద్దెకి మించి తీసుకోకూడదు. నీ అద్దెకి అది 1,326 చిల్లర. ఆ అంకె మెయిల్లో రాసి మర్యాదగా పంపు, గొడవ పడకు. బెనిఫిట్స్ అనగానే అతని గొంతు మారిందన్నావు చూడు, అలాంటి పట్టింపులు కుదరవని కోర్టు 2020లోనే చెప్పింది. పోయిన నెల 27న వచ్చిన రెంటర్స్ రైట్స్ చట్టంలోనూ ఆ మాట ఉంది. అయినా అతనితో చట్టం మాట్లాడే ముందు జీతం స్లిప్పులు చూపించు. వాటికి మెత్తబడతారు.

కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) తగ్గింపు యూనివర్సల్ క్రెడిట్‌లో కలిసి ఉండదు. రెడింగ్ కౌన్సిల్‌కి విడిగా, చేరిన వారంలోనే పెట్టుకో. మేం ఇక్కడికి వచ్చినప్పుడు నాలుగు నెలలు అది అందులోనే ఉందనుకుని కూర్చున్నాం. పూర్తి బిల్లు కట్టమంటూ ఉత్తరాల మీద ఉత్తరాలొచ్చాయి, తడిసి మోపెడైంది. బ్లూ బ్యాడ్జ్ (నీ పార్కింగ్ కార్డు) వాళ్ళకి కొత్త అడ్రసు చెప్పు. ఉచిత ప్రయాణానికి ఇచ్చే ఫ్రీడమ్ పాస్ లండన్‌లో ఉండేవాళ్ళకే, వెనక్కి ఇచ్చేయాలి. అక్కడి బస్ పాస్ వేరే తీసుకో. డిజేబుల్డ్ పర్సన్స్ రైల్‌కార్డ్ ఉంటే నీకూ, నీతో వచ్చే ఒకరికీ టికెట్లో మూడో వంతు తగ్గుతుంది. అంటే నేను నిన్ను తీసుకురావడానికి వచ్చినప్పుడు నాకూ తగ్గుతుంది.

బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఏమీ లేదని ఫోటోలో చూశాను. టబ్బు అంచు ఎంత ఎత్తుందో కొలిచావా? కర్రలు గోడకి ఆనించి, ఒక చేత్తో కుళాయి పట్టుకుని కాలెత్తుతావు, నాకు తెలుసు. కుళాయి నీ బరువు ఆపదు. రెడింగ్ కౌన్సిల్ సోషల్ కేర్ వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. వెయ్యి పౌండ్ల లోపు అయ్యే కడ్డీల్లాంటివి అవసరమని తేలితే ఉచితంగానే వేస్తారు. టబ్బు తీసేసి షవర్ పెట్టించాలంటే డిజేబుల్డ్ ఫెసిలిటీస్ గ్రాంట్, ఇంగ్లండ్‌లో 30,000 దాకా ఉంది. కాకపోతే మీ ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, ఐదేళ్ళు అక్కడే ఉండే ఉద్దేశం ఉందని చెప్పాలి. ముందు కడ్డీలు వేయించు.

నీతో వచ్చే తెలుగు కుర్రాళ్ళకి ఇవన్నీ చెప్పి ఆశ పెట్టకు. వీసా మీద ఉన్న చాలామందికి ఇలాంటి ప్రభుత్వ సాయం తీసుకునే వీల్లేదని వాళ్ళ వీసాలోనే ఉంటుంది. తెలియక అప్లై చేస్తే వీసాకే ఎసరు.

ఇక మా సంగతి. దాచితే తరవాత తెలిసి బాధపడతావని చెబుతున్నాను. నువ్వు వెళ్ళగానే మాకు రెండు బెడ్‌రూమ్‌ల రేటు పోయి ఒకటి అవుతుంది. ఇద్దరమే కాబట్టి ఒకటి చాలంటారు. మా యూనివర్సల్ క్రెడిట్ నెల 20న మొదలవుతుంది. డిసెంబరు 6న నువ్వు వెళితే ఈ నవంబరు 20 నుంచే తగ్గిస్తారు. నీకు మేలు చేసిన రూలే మాకు కీడు చేస్తుందన్నమాట. దీనికి ఒక దారి ఉంది. వైకల్యం వల్ల భార్యాభర్తలు ఒకే గదిలో పడుకోలేకపోతే రెండో గది ఇవ్వాలి. ఇలాంటి కేసులోనే 2016 నవంబరులో సుప్రీంకోర్టు ఒక జంట వైపు తీర్పు ఇచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి రూలు మార్చారు. మీ నాన్నకి పిప్‌లో డైలీ లివింగ్ భాగం ఎక్కువ రేటు ఉంది కాబట్టి అడగొచ్చని, ఉచితంగా సలహా చెప్పే సిటిజన్స్ అడ్వైస్‌లో ఒకావిడ చెప్పింది. ఆ హాస్పిటల్ మంచం, రాత్రి మూడుసార్లు లేవడం, ఆరేళ్ళుగా నేను హాల్లో సోఫా మీద పడుకోవడం, అన్నీ రాశాను. డాక్టరు చేత ఉత్తరం కూడా రాయించాను. ఒప్పుకుంటే నీ గది నాదవుతుంది. నీ పుస్తకాల బీరువా కదపను.

మిగిలింది కేరర్స్ అలవెన్స్. నీ పేరు మీద నాకు ఈ ఏడాది రేటు ప్రకారం వారానికి 83.30 పౌండ్లు వస్తోంది కదా, అది వారానికి 35 గంటలు నీకు చేస్తున్నందుకు. ఒకే ఇంట్లో ఉండాలని రూలు లేదు. నువ్వు రెడింగ్‌లో ఉన్నా నేను అన్ని గంటలూ చేస్తే తీసుకోవచ్చు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆదివారం వచ్చి వారానికి సరిపడా వండిపెట్టడం, బట్టలు, నీ కాళ్ళకి నూనె రాసి సాగదీయడం, రాకపోకలు కూడా కలిపినా పధ్నాలుగు గంటలు దాటలేదు. ముప్ఫై అయిదు అని చెప్పలేను. జీతం పరిమితి దాటి ఈ అలవెన్స్ తీసుకున్నందుకే వేల పౌండ్లు వెనక్కి కట్టినవాళ్ళ కథలు పోయినేడాది పేపర్లలో చదివాం. అందుకని నీ పేరు తీసేసి మీ నాన్న పేరు మీద కొత్తగా పెడుతున్నాను. ఆయనకి చేసే గంటలు ఎటూ ముప్ఫై అయిదుకి రెండింతలు.

ఫారం నిన్న రాత్రి తెరిచాను. ఫలానా వ్యక్తిని చూసుకోవడం ఏ తేదీ నుంచి మానేశారు అని ఒక గడి ఉంది. మిగతావన్నీ నింపాను. అది మాత్రం నువ్వు తాళాలు చేతిలోకి వచ్చాయని ఫోన్ చేశాక రాస్తాను.

హై స్ట్రీట్ నార్త్‌లో గోంగూర లేతది వచ్చింది. పచ్చడి చేసి రెండు సీసాలు పెట్టాను. బరువని వదిలేసి పోకు.

అమ్మ