చైనాను చదవడానికి 1962 ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 21న జిల్లా కేంద్రాల్లోని పోలీసు పరేడ్ మైదానాల్లో, అమరవీరుల స్తూపం ఎదుట సిబ్బంది తుపాకులు తలకిందులుగా పట్టుకుని నిలబడతారు. ఆ ఏడాది విధి నిర్వహణలో ప్రాణాలు విడిచినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. చరిత్ర ఉపాధ్యాయుడిగా పనిచేసినన్నాళ్లూ మా ఉన్నత పాఠశాల పిల్లలను అక్కడికి తీసుకువెళ్లేవాణ్ణి. ఈ తేదీయే ఎందుకని అడిగితే, నక్సలైట్ల దాడులను గుర్తుచేసుకోవడానికని చెప్పేవారే ఎక్కువ. 1959లో ఆ రోజున లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పులకు పదిమంది కేంద్ర రిజర్వు పోలీసులు బలయ్యారని చెబితే పెద్దవాళ్లు సైతం ఆశ్చర్యపోయేవారు.

2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా ఇరవై మంది మన సైనికులు నేలకొరిగినప్పుడు, చాలామంది నోట మొదట వచ్చిన మాట ‘మళ్లీ 1962’, అంటే చైనాతో యుద్ధంలో మనం ఓడిన ఏడాది. అందులో తప్పు లేదు. 1962 జులైలో ఇదే లోయలో గూర్ఖా జవాన్ల చౌకీని చైనా బలగాలు చుట్టుముట్టాయి, అక్టోబరు 20న దానిపై విరుచుకుపడ్డాయి. అయితే సరిహద్దు అవతలివారు మనల్ని 1962 నుంచి చదవడం లేదన్నది నా ప్రధానమైన బాధ. వారి లెక్క 1842 నుంచి మొదలవుతుంది.

నల్లమందు వ్యాపారం విషయంలో బ్రిటన్‌తో జరిగిన నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా ఆ సంవత్సరం నాన్‌జింగ్ ఒప్పందం కింద హాంకాంగ్‌ను బ్రిటిష్‌వారికి అప్పగించి, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు దోచుకోగా బ్రిటిష్‌వారు తగలబెట్టిన బీజింగ్ వేసవి రాజభవనం శిథిలాలను నేటికీ అలాగే ఉంచి చూపిస్తారు. అక్కడి పాఠ్యాంశాల్లో ఈ కాలానికి ‘అవమాన శతాబ్దం’ అని పేరు. ఆ నల్లమందులో పెద్ద భాగం పండింది మన గంగా మైదానంలో, సిద్ధమైంది పట్నా, గాజీపూర్ కర్మాగారాల్లో. యుద్ధానికి వెళ్లిన దళాల్లో 37వ మద్రాసు నేటివ్ పదాతి దళం ఒకటి. 1841 మే నెలలో గ్వాంగ్‌జౌ సమీపంలోని సాన్‌యువాన్‌లీ దగ్గర కుండపోత వానలో మందుగుండు తడిసి తుపాకులు పేలని స్థితిలో ఆ దళంలోని ఒక కంపెనీని గ్రామస్థులు చుట్టుముట్టారు. మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలకు కొదవ లేదు కనుక ఆ వానలో మనవాళ్లూ నిలబడి ఉండవచ్చు. చైనా పిల్లలు సాన్‌యువాన్‌లీని ప్రజా ప్రతిఘటనగా చదువుకుంటారు. మన పిల్లలు ఆ పేరే వినలేదు.

ఈ జ్ఞాపకాలు దౌత్యంలోకి ఎలా చొరబడతాయో 1950ల చివర స్పష్టంగా కనిపిస్తుంది. బ్రిటిష్ ఇండియాకూ టిబెట్‌కూ మధ్య 1914లో గీసిన మెక్‌మహన్ రేఖ మనకు వారసత్వంగా వచ్చిన సరిహద్దు. బీజింగ్‌కు మాత్రం అది సామ్రాజ్యవాదులు తమపై రుద్దిన మరో అన్యాయపు గీత. 1959లో దలైలామాకు ఆశ్రయం ఇవ్వడం మన దృష్టిలో మానవత్వం. టిబెట్‌ను తమ నుంచి విడదీయాలన్న పాత బ్రిటిష్ ఎత్తుగడకు అది కొనసాగింపని చైనా నాయకత్వం అనుకుంది. లద్దాఖ్‌లో మనదని మనం చెప్పే అక్సాయ్‌చిన్ ప్రాంతం మీదుగా చైనా 1957 నాటికి రోడ్డు వేసేసింది; 1961 నవంబరు నుంచి మనం ముందుకు జరిగి చౌకీలు పెట్టాం, చైనా యుద్ధానికి దిగదని ఢిల్లీ గట్టిగా నమ్మింది. తాము చేసేది ఆత్మరక్షణ, ఎదుటివారు చేసేది ముందే పన్నిన దురాక్రమణ అని ఇరుపక్షాలూ అనుకున్నాయి. 1962 దాడికి ఇది సమర్థన కానే కాదు, దాని బాధ్యత చైనాదే. కానీ ఆ దాడి వస్తుందని మనం ఎందుకు ఊహించలేకపోయామో తెలియాలంటే ఎదుటివారి మనసులోకి తొంగిచూడక తప్పదు.

లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో వివరించారు. ఒకే నేలను రెండు దేశాలూ తాము పోగొట్టుకున్నదిగానే చూస్తున్నప్పుడు, పట్టువిడుపులు ప్రతి నాయకుడికీ సొంత ప్రజల ఎదుట ఓటమిలా కనిపిస్తాయి. లద్దాఖ్ సరిహద్దులోని డెప్సాంగ్, డెమ్‌చోక్‌లలో గస్తీపై చైనాతో 2024 అక్టోబరులో కుదిరిన అవగాహనకు నాలుగేళ్లకు పైగా పట్టిందంటే అందుకు ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

1962 పరాజయంపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో సమర్పించిన నివేదికను ఆరు దశాబ్దాలు దాటినా ప్రభుత్వం బయటపెట్టలేదు. అందులోని అంశాలు ఇప్పటికీ సైనికపరంగా సున్నితమైనవని 2010లో నాటి రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో కొంత భాగాన్ని అంతర్జాలంలో పెట్టాక కూడా ఆ రహస్యాన్ని కాపాడటం ఎవరి మేలుకో నాకు బోధపడటం లేదు. మన పొరపాట్లను మన పత్రాల్లోనే చదువుకునే హక్కు మనకు ఉండాలి. కేంద్రం ఆ నివేదికను అధికారికంగా విడుదల చేయాలని, రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తక సంఘాలు 1962 పాఠం పక్కనే నల్లమందు యుద్ధాన్నీ, అందులో మద్రాసు సిపాయిల పాత్రనూ చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చే అక్టోబరు 21న పేర్లు చదవడానికి ముందు, ఎండలో నిలబడిన పిల్లలకు హాట్‌స్ప్రింగ్స్ సంగతి రెండు నిమిషాలు చెప్పమని జిల్లా పోలీసు అధికారులకు నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
సూర్యాపేట జిల్లా