దుబాయ్‌కి రెండున్నర గంటలేనా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పేపర్లో గల్ఫ్ టికెట్ల మీద వేసిన వార్తలో 'హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రెండున్నర గంటల ప్రయాణం' అని రాశారు. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దీనివల్లే మా ఇంట్లో ఒక రాత్రి ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

మా మేనల్లుడు మొదటిసారి దుబాయ్ పోయినప్పుడు, శంషాబాద్‌లో రాత్రి 10కి బయలుదేరి 12.30కి దిగుతుందని టికెట్ మీద ఉంది. దిగగానే ఫోన్ చేస్తానన్నాడు. మా అక్క గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. 12.30 దాటింది, ఒంటిగంట దాటింది, ఫోన్ లేదు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే ఒకటే టిక్కు. ఒంటిగంటన్నరకు అక్క ఏడుపు అందుకుంది, బావ ఏజెంట్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు (ఆ టైంకి ఎవరెత్తుతారు లెండి). 2.20కి వాడు వీడియో కాల్ చేసి, 'ఇప్పుడే దిగిన, ఎందుకు ఏడుస్తున్నవమ్మా' అన్నాడు.

విమానం ఏమీ లేటు కాలేదు. బయలుదేరే టైం మనది, దిగే టైం అక్కడిది, అంతే. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. అంటే అక్కడ 12.30 అయితే ఇక్కడ 2 గంటలు, ప్రయాణం నాలుగు గంటలు. వచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది: అక్కడ రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున 3కి దిగుతారు, చూడ్డానికి ఐదు గంటలు, నిజానికి మూడున్నరే. ఆ అరగంట తేడా ఎందుకంటారా, అంత ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీను. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు.

దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, ఢిల్లీకి పోయేదానికి రెండింతలు. అదీ మ్యాపు మీద గీత గీస్తే. విమానం గీత మీదే పోవాలని లేదు. ఢిల్లీ నుంచి దుబాయ్ మనకంటే దగ్గరే, కానీ 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలం మూసేశాక మన దేశపు విమానాలు గుజరాత్ మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. హైదరాబాద్ విమానాలు ఎలాగూ ముంబయి వైపుగా అరేబియా సముద్రం మీంచి పోతాయి కాబట్టి మనకు ఆ బాధ పెద్దగా తగల్లేదు.

ఇక మా జగిత్యాల జిల్లా కోరుట్ల నుంచి పోయేవాడికి ఈ నాలుగు గంటలు ఓ లెక్కా? సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్టాండ్ (జేబీఎస్) దాకా బస్సు, అక్కడి నుంచి శంషాబాద్, మూడు గంటల ముందే లైన్లో నిలబడాలి. మావాడు పొద్దున చద్దన్నం తిని ఇల్లు వదిలాడు, రూముకు చేరేసరికి ఇక్కడ తెల్లారుతోంది.

అందుకే అడుగుతున్నాను, ఇలాంటి వార్తల్లో దిగే టైం పక్కన 'అక్కడి టైం' అన్న రెండు మాటలు వేయండి, గాల్లో ఉండే గంటలు విడిగా రాయండి. టికెట్ చేసే ఏజెంట్లు కూడా మన టైం పెన్నుతో పక్కన రాసిస్తే వాళ్ల సొమ్మేం పోదు.

- ఒక పాఠకుడు, కోరుట్ల