గ్రూపు లెక్కలు కలవకపోతే సాఫ్ట్‌వేర్‌నే తిట్టాలా?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో అనుబంధ సంస్థలున్న చిన్న గ్రూపులు కూడా మల్టీ కరెన్సీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్నాయని, ఇక కంపెనీల మధ్య లెక్కలు వాటంతటవే కలిసిపోతాయని మీ వాణిజ్య పేజీలో రాశారు. ఆ ‘వాటంతటవే’ దగ్గరే నాకు పేచీ. అలాంటి గ్రూపులో లెక్కలు చూసేవాణ్ని, ఆ సాఫ్ట్‌వేర్ పెట్టించినవాళ్లలో ఒకణ్ని, మొదటి ఏడాది చివర రెండు కంపెనీల బాకీ కలవక వారం పైగా కుస్తీ పట్టినవాణ్ని కూడా.

తీరా చూస్తే జరిగింది ఇదీ. మేం డాలర్లలో ఇన్వాయిస్ పంపేవాళ్లం. అవతలి కంపెనీ లెక్కలు యూరోల్లో కాబట్టి వాళ్లు ఆ రోజు రేటుకి మార్చేసి, ఏకంగా యూరో బిల్లుగా ఎక్కించుకునేవాళ్లు. మాకు రావాల్సింది డాలర్లలో, వాళ్లు ఇవ్వాల్సింది యూరోల్లో. ఎవరి బాకీ వాళ్ల సొంత కరెన్సీలోనే ఉంది కాబట్టి నెలాఖరు రీవాల్యుయేషన్‌లో, అంటే పరాయి కరెన్సీ బాకీలకి ఆ రోజు రేటు కట్టేటప్పుడు, సాఫ్ట్‌వేర్ రెండింటినీ ముట్టుకోలేదు, ఎక్కడా ఎర్ర గీత పడలేదు. విడివిడిగా రెండు పుస్తకాలూ శుభ్రంగా ఉన్నాయి, కలిపేసరికి తేడా. ఒప్పందం ఏ కరెన్సీలో ఉంటే ఇద్దరి లెడ్జర్‌లోనూ బాకీ ఆ కరెన్సీలోనే, అదే ఇన్వాయిస్ నంబరుతో ఉండాలని మొదటి రోజే రాసుకుని ఉంటే ఆ వారం మిగిలేది. దీన్ని సాఫ్ట్‌వేర్ మనకి చెప్పదు, మనమే దానికి చెప్పాలి.

రేట్లదీ అదే కథ. గ్రూపు మొత్తానికి ఒకే రేట్ల పట్టిక ఉండాలి, అది ఎక్కడి నుంచి తీసుకుంటామో, ఏ రోజుదో తేల్చుకోవాలి. మాలో ఒకరు యూరోకి ఇన్ని డాలర్లని, ఇంకొకరు డాలరుకి ఇన్ని యూరోలని ఎక్కించేవారు. 1.08ని తిరగేసి నాలుగు దశాంశాలకి కుదిస్తే 0.9259 అవుతుంది, పది లక్షల డాలర్ల మీద దాదాపు 26 యూరోలు అక్కడే జారిపోతాయి. జపాన్ యెన్‌కి దశాంశాలే లేవు, కువైట్ దీనార్‌కి మూడు. రౌండింగ్ తేడాకి ఒక ఖాతా, దానికో చిన్న పరిమితి పెట్టుకోకపోతే ఆ చిల్లరంతా సస్పెన్స్‌లో, అంటే లెక్క తేలనివి తాత్కాలికంగా పెట్టే ఖాతాలో, పేరుకుంటుంది.

మీ వ్యాసంలో నాకు అసలు మింగుడుపడనిది, గ్రూపు కంపెనీల లెక్కలన్నీ ఒకటిగా కలిపే కన్సాలిడేషన్‌లో అంతా సున్నా అయిపోతుందన్న మాట. మా పెద్దాయన కూడా ఇదే అడిగారు, ‘ఈ జేబులోది తీసి ఆ జేబులో వేసుకుంటే నష్టమేంటయ్యా?’ అని. డాలర్లలో లెక్కలు రాసే మాతృ సంస్థ, యూరోల్లో రాసే అనుబంధ సంస్థకి లక్ష యూరోల అప్పిచ్చిందనుకోండి. ఇచ్చిన రోజు యూరో 1.10 డాలర్లు, అంటే 1,10,000. సంవత్సరాంతానికి 1.08కి దిగితే 1,08,000. అనుబంధ సంస్థకి అది సొంత కరెన్సీ అప్పు, దాని పుస్తకంలో కదలికే లేదు. గ్రూపు లెక్కల్లో 1,08,000కి 1,08,000 కొట్టేసుకుపోతాయి, మాతృ సంస్థ నష్టం 2,000 డాలర్లు మాత్రం అక్కడే నిలబడుతుంది. డబ్బు యూరోల్లో కూర్చుంది, యూరో పడింది, ఆ దెబ్బ నిజమే కదా. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 21 చెప్పేదీ ఇదే. ఆ అప్పు ఇప్పట్లో తీర్చేది కాదు, పెట్టుబడి లాంటిదే అని తేలితే గ్రూపు లెక్కల్లో ఆ తేడా లాభనష్టాల్లోకి రాకుండా ఈక్విటీలో, అంటే యజమానుల సొమ్ము కింద, విడిగా కూర్చుంటుంది. ఏ అప్పు ఏ రకమో తేల్చి చెప్పే బటన్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ నాకు కనపడలేదు. ఇదంతా తెలియనివాళ్లు ఆ 2,000ని ‘కలవని తేడా’ అనుకుని కంపెనీల మధ్య బాకీలు రద్దుచేసే ఎలిమినేషన్ ఎంట్రీతో కొట్టేస్తారు, ఆడిటర్ దగ్గర దొరుకుతారు.

ఇంకో మాట. కంపెనీ బేస్ కరెన్సీని, అంటే అది లెక్కలు రాసుకునే కరెన్సీని, తొందరపడి పెట్టకండి. ఎంట్రీలు పడ్డాక దాన్ని మార్చడానికి చాలా సాఫ్ట్‌వేర్లు ఒప్పుకోవు. యజమానికి ఇష్టమైన కరెన్సీ కాదు, ఆ కంపెనీ ప్రధానంగా దేంట్లో సంపాదించి దేంట్లో ఖర్చుపెడుతుందో అది పెట్టాలి. అలాగే 50,000 పంపితే 49,970 చేరిందనుకోండి, ఆ 30 బ్యాంకు ఛార్జీ, మారకపు నష్టం కాదు. మావాళ్లు ఏడాదంతా దాన్ని మారకపు నష్టంలోనే రాశారు.

ఎవరైనా ఇప్పుడు మొదలుపెడుతుంటే, పాత డేటా ఎక్కించే ముందు ఒక ఇన్వాయిస్, ఒక అప్పు, సగం చెల్లింపు, ఈ మూడే ఎక్కించి, రేటు మార్చి, రెండు కంపెనీలకీ నెల ముగించి చూడండి. తర్వాతి నెల ఒకటో తారీఖున రీవాల్యుయేషన్ ఎంట్రీ రివర్స్ అయ్యిందో లేదో కూడా చూడండి, మాకు ఒక కంపెనీలో అయ్యేది, రెండోదాంట్లో ఆ టిక్ పెట్టడం మర్చిపోయాం. ఇప్పుడు ఏ నెలకి ఆ నెల బాకీలు కలుస్తున్నాయి గానీ, మొదటి ఏడాది తాలూకు కొంత మొత్తం మాత్రం ఇంకా సస్పెన్స్ ఖాతాలోనే ఉంది, దాని వెనకున్న ఇన్వాయిస్‌లు ఒక్కొక్కటే తిరగేస్తున్నాం.

ఇట్లు,
ఒక అకౌంటెంట్