మహహా కథకు ముగింపు ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ పిల్లల పేజీలో ఉత్తరధ్రువ ప్రాంతపు భయంకర జీవుల బొమ్మలు వేసి, కింద ‘ఎస్కిమోల బూచాళ్లు’ అని రాశారు. బొమ్మలు బాగున్నాయి, కానీ ఆ ప్రజలు తమను ఇన్యూట్ అని పిలుచుకుంటారు, ఆ మాటకు వారి భాషలో ‘మనుషులు’ అని అర్థం. కెనడా 1982 నాటి రాజ్యాంగ చట్టంలోనూ ఆ పేరే ఉంది.

ఆ జీవుల్లో ఒకటైన కల్లుపిల్లుక్ సముద్రపు మంచు కింద ఉంటుందనీ, పగుళ్ల దగ్గరికి ఒంటరిగా వచ్చిన పిల్లలను, తల్లులు బిడ్డను వీపున మోసుకొనే అమౌటి అనే కోటు సంచిలో వేసుకొని నీళ్లలోకి లాక్కుపోతుందనీ చెబుతారు. అమ్మ వీపు వెచ్చదనాన్ని తలపించే ఆ సంచే వల కావడం నన్ను చాలాసేపు వెంటాడింది. మన బూచాడు అన్నం తినని పిల్లల కోసం ఏ ఇంటికైనా వస్తాడు. ఈ జీవి మాత్రం నిజంగా ప్రమాదం ఉన్నచోటే కాచుకొని ఉంటుంది.

ఇక మరో జీవి మహహా పొడవాటి గోళ్లతో చక్కిలిగింతలు పెట్టి చంపుతుందని, చనిపోయినవారి ముఖాన నవ్వు అలాగే గడ్డకట్టి ఉంటుందని రాసి ఆపేశారు. దానికి చిక్కిన మనిషి చివరిసారి గుక్కెడు నీళ్లు తాగుదామని దాన్ని మంచులోని నీటి గుంట దగ్గరికి రప్పించి, అది వంగగానే లోపలికి తోసేసే ఘట్టం ఏమైంది? మా మనవరాలు ఆ రాత్రి దీపం ఆర్పనివ్వలేదు; ఆ ఘట్టం చెప్పాక, మర్నాడు తానే మహహా అయి నా మీద పడింది.

వచ్చే సంచికలో ఆ భాగాన్ని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, తెనాలి