పెద్దవాళ్ళ బుధవారం భోజనానికి ఆ పది శాతంలో చోటు లేదా?

మేయర్ గారికి, నగర కౌన్సిల్ సభ్యులకు నమస్కారం.

నగరానికి జూదం మీద వచ్చే నిధిలోంచి పెద్దవాళ్ళ బుధవారం భోజనానికి కొంత ఇమ్మని మీకు ఇంగ్లిష్‌లో మూడుసార్లు రాశాను. రెండుసార్లు జవాబే లేదు. మూడోసారి "ఈ ఏడాది నిధులు కేటాయించేశాం" అని ఒక్క లైను వచ్చింది. మన ఊళ్ళో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, వాళ్ళకైనా తెలియాలని ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిష్ కాపీ మీ ఆఫీసులో ఇచ్చాను.

బార్లలో అమ్మే పుల్ ట్యాబ్‌ల (చింపి చూసుకునే జూదం చీటీల) నికర లాభంలో పది శాతం మీ నిధికి వస్తోంది. దాన్ని పోలీసు, ఫైర్, అత్యవసర సేవలకు వాడొచ్చని మన మిన్నెసోటా రాష్ట్ర చట్టం అంటోంది, కాదనను. మా వీధిలో ఇల్లు అంటుకున్నప్పుడు వచ్చింది వాళ్ళే. కానీ 62 ఏళ్ళు నిండినవాళ్ళు కలిసి కూర్చుని తినే భోజనాలకూ వాడొచ్చని అదే చట్టంలో ఉంది కదండీ! ఏటా మార్చి 15 లోపు మీరు రాష్ట్ర గ్యాంబ్లింగ్ కంట్రోల్ బోర్డుకు (జూదాన్ని అదుపు చేసే బోర్డుకు) పంపే లెక్కలు అడిగి తెచ్చుకున్నాను. మూడేళ్ళవీ చూశాను. అంతా పరికరాలకే పోయింది. భోజనానికి ఒక్క డాలరు లేదు.

మా నాన్నకి 74 ఏళ్ళు. అమ్మ పోయాక తెనాలి నుంచి తీసుకొచ్చాం. పొద్దున ఏడున్నరకి మేమిద్దరం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. సాయంత్రం దాకా ఆయన ఒక్కరే. కారు నడపలేరు. మొన్నటి చలికాలం గడ్డకట్టిన మంచు మీద జారి మణికట్టు విరిగింది. అప్పటినుంచి మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళాలన్నా భయమే. రోజూ టీ కొట్టు దగ్గర నలుగురితో కూర్చుని పేపరు చదివిన మనిషి, నవంబరు నుంచి మార్చి దాకా కిటికీ దగ్గర కూర్చుంటారు. నేను వండిపెట్టిన అన్నం, పప్పు సాయంత్రానికి మూత కూడా తీయకుండా అలాగే ఉంటాయి. "ఒక్కణ్ణే తినబుద్ధి కాలేదమ్మా" అంటారు. ఆ మాట విన్న రోజు నాకు నిద్ర పట్టదు.

నాన్న ఒక్కరి సంగతే కాదు. పోయిన చలికాలం చందాలు వేసుకుని ఆరు వారాలు కమ్యూనిటీ సెంటర్లో బుధవారం భోజనం పెట్టాం, వ్యాన్ కూడా మాట్లాడాం. పక్క వీధి హ్మాంగ్ అవ్వ (లావోస్ వైపు కొండజాతి ఆవిడ) వచ్చింది. ఒక సోమాలీ పెద్దాయన వచ్చారు. భర్త పోయాక ఇల్లు కదలని మా ఎదురింటి ఆవిడ కూడా వచ్చింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా రెండు గంటలు లేచేవాళ్ళు కాదు. బుధవారం వస్తే నాన్న తెల్లారకుండానే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. ఏడో వారానికి డబ్బు అయిపోయింది.

జూదం డబ్బంటే నాన్న ఒప్పుకోరేమో అనుకున్నాను. పేకాటలో పొలాలు పోగొట్టుకున్నవాళ్ళని కళ్ళారా చూసిన మనిషి ఆయన. చాలాసేపు ఆలోచించి, "ఎవరింట్లోంచో పోయిన డబ్బే కదమ్మా, ఎవరి ఆకలికైనా అందనీ" అన్నారు.

అయ్యా, మొత్తం అడగడం లేదు. కొంత ఇవ్వండి, ఎంతో మీరే చెప్పండి. దరఖాస్తు గడువు ముందే ప్రకటించండి. ఎవరికి ఇచ్చారో, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో కౌన్సిల్ సమావేశంలో అందరి ముందు చెప్పండి. సెంటర్ వాళ్ళు పెట్టిన దరఖాస్తు మీ దగ్గరే ఉంది, దయచేసి ఒక్కసారి తెరిచి చూడండి.

అక్టోబరు దాటకముందే జవాబు ఇవ్వండి. బుధవారం భోజనం మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందని నాన్న ఇప్పటికే రెండుసార్లు అడిగారు.

ఇట్లు,
మీ నగరవాసి